బాపు కోసి చూపిన కీళ్లు

అరవైల మొదట్లో నేను నల్లగొండ కాలేజీలో పీయూసీ చదివాను. మా క్లాసులో ఆడపిల్లలం నలుగురమే. మాది తిరుమలగిరి దగ్గరి పల్లె. బాపు గొర్లు కాసేవాడు. నేను పానగల్లులో చిన్నమ్మ ఇంట్లో ఉండి, రోజూ కాలేజీకి నడిచిపోయేదాన్ని. మీ నాయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే వ్యవసాయమని చెప్పేదాన్ని. మంద సంగతి ఎత్తేదాన్ని కాదు.

మాకు జీవశాస్త్రం చెప్పే మేడం కోస్తా నుంచి వచ్చారు. కీళ్ల పాఠం మొదలుపెట్టిన రోజు, పుస్తకంలో బొమ్మ చూస్తే చాలదనీ, గొర్రె మోకాళ్లు కావాలనీ, లేతదొకటి ముసలిదొకటి ఉంటే మరీ మంచిదనీ అన్నారు. అంగట్లో దొరికేవి ముక్కలు కొట్టేసి ఉంటాయట. ఎవరైనా తేగలరా అని అడిగితే క్లాసులో ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. గంట కొట్టాక మాత్రం ఆమె వెనకే వెళ్లి, మా బాపు తెస్తాడని మెల్లగా చెప్పాను.

ఆ వారం ఇంటికి పోయి బాపుకు చెప్పాను. ఎందుకని కూడా అడగలేదు. "ఆదివారం దావత్‌కు రెండు జీవాలను కోస్తున్నరు. తెల్లారి తెస్తా పో బిడ్డా," అన్నాడు.

అన్నట్టే సోమవారం మొదటి బస్సుకు వచ్చాడు. కీళ్లను మోదుగాకుల్లో చుట్టి, తడిగుడ్డలో మూటకట్టాడు. గేటు దగ్గర నా చేతికిచ్చి వెళ్లిపోతాడనుకున్నాను. మేడం ఆయన్ను లోపలికి పిలిచారు.

"మీరే కోసి చూపిస్తారా? నేను కోస్తే లోపల గీతలు పడతాయి."

బాపు చెప్పులూ గొంగడీ గడప బయటే విడిచి వచ్చాడు. మేడం ఇచ్చిన చిన్న కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, కీలు చుట్టూ సన్నగా కోసి, రెండు వైపులా విప్పి బల్ల మీద పెట్టాడు. లోపల ఎక్కడా గీత పడలేదు. లేత గొర్రెది తాటిముంజలా నున్నగా, నీలం కలిసిన తెలుపు. ముసలి గొర్రెది పసుపుపచ్చగా, గరుకుగా ఉంది.

మేడం రెండింటిలోనూ ఎముక కొనను కప్పి ఉన్న మెత్తటి పొరను పలచగా కోసి, నీలం రంగు నీళ్లలో వేసి కడిగారు. లేతది చిక్కటి ఊదారంగుకు తిరిగింది. ముసలిది వెలిసినట్టుగానే ఉండిపోయింది.

"నీలం పోస్తిరి, ఊద ఎట్లయిందమ్మా?" అన్నాడు బాపు.

మేడం ఆయన వైపే తిరిగి చెప్పారు. "ఈ మెత్తటి ఎముకలో ముప్పావు వంతు నీళ్లేనండీ. పీచు దారాలు వలలా అల్లుకుని ఉంటాయి. ఆ వల సందుల్లో ప్రోటీన్ కాడలుంటాయి. ఒక్కో కాడ చుట్టూ చక్కెర గొలుసులు కుచ్చులా ఉంటాయి. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విచ్చుకుని, నీటిని లాగి పట్టుకుంటాయి. బరువు పడితే కొంత నీరు బయటికి పోతుంది, బరువు తీస్తే మళ్లీ వస్తుంది. ఈ రంగు ఆ గొలుసుల మీద గుంపుగా చేరితే ఊదాగా కనబడుతుంది."

బాపు ముసలి గొర్రె కీలును వేలితో తడిమాడు. "గట్లయితే ముసలి జీవానికి గా నీళ్లు ఎటు పోతయమ్మా?"

"గొలుసులు తెగి తగ్గిపోతాయి. ఇక నీటిని పట్టి ఉంచేవి ఉండవు. ఎందుకు తెగుతాయో నాకు తెలియదండీ. తెలుసుకునే పనిలో ఉన్నారు."

తెలియదని ఒక టీచరు చెప్పగా వినడం నాకదే మొదలు. అదీ మా బాపుతో.

ఆయనకు ధైర్యం వచ్చినట్టుంది. "కుంటే జీవాన్ని కట్టేసి ఉంచితె ఇంకింత బిగుసుకపోతదమ్మా. మెల్లమెల్లగ నడిపిస్తె జర నయమైతది," అన్నాడు. మేడం మా వైపు తిరిగారు. ఈ పొరలో నెత్తురు నాళాలు లేవనీ, నడిచినప్పుడు లోపలికీ బయటికీ కదిలే నీటితోనే దానికి ఆహారం అందుతుందనీ చెప్పి, "ఈయన చెప్పింది రాసుకోండి," అన్నారు. నలభై మంది రాసుకున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగి, కాగితం కనబడలేదు.

బస్టాండుకు నడుస్తూ చెప్పేశాను. "బాపు, నువ్వు వ్యవసాయం చేస్తవని అందరికీ చెప్పిన."

"ఎకరం చెలక ఉన్నది గద. అబద్ధమేం గాదు," అని నవ్వాడు.

తర్వాత పదేళ్లకు నేనే ఆ పాఠం చెప్పాల్సి వచ్చింది. అప్పటికి ఆ కాడకూ గొలుసులకూ కలిపి ప్రోటియోగ్లైకాన్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. సీసాలు కడిగే బ్రష్షులాంటి ఆకారమనీ, అలాంటివెన్నో ఒక పొడవాటి దారానికి వేలాడుతుంటాయనీ కొత్త పుస్తకాల్లో చదివాను. చదివిన ప్రతిసారీ మేడంకూ బాపుకూ మనసులోనే దండం పెట్టుకున్నాను.

నేను పాఠాలు చెప్పేదాకా వచ్చానంటే అదీ మేడం వల్లే. పీయూసీ ఫలితాలొచ్చాక ఆమె బస్సెక్కి మా పల్లెకు వచ్చారు. మా వాకిట్లో నులకమంచం మీద కూర్చుని మజ్జిగ తాగి, నన్ను హైదరాబాదు పంపమని బాపును అడిగారు. చుట్టాలంతా పెళ్లి మాట ఎత్తుతున్న రోజులవి. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఆయన మొహమే చూస్తోంది.

"చదువు ఆపద్దని మీరే ఇంతదూరం వచ్చి చెప్తున్నరు. ఇగ నాకేం ఫికర్ లేదమ్మా. పంపుత," అన్నాడు బాపు.