పడవ మున్షీ

మొన్న మంగళవారం పొద్దున నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇంటి తలుపు తట్టింది బోధన్‌లో మా పాత పక్కింటివాళ్ల అల్లుడు. గుమ్మంలోనే నిలబడి, "బాపు పోయిండక్కా. నిన్న మాపటికి. ఏం తిప్పలు పడలే, కూసున్నకాడనే" అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు, ఇంకా ఇద్దరికి కబురు చెప్పాలన్నాడు. అతను వెళ్లాక నేను వంటింట్లోకి పోయి ఏదో చేస్తూనే ఉన్నాను. పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. పెళ్లయి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లకు కాపురానికి వచ్చినప్పుడు మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆయనది. ఫ్యాక్టరీ యార్డులో చెరకు బండ్లు తూచే కాంటా దగ్గర లెక్కలు రాసే మున్షీ. లోకమంతా మున్షీ సాబ్ అనేది. నేను బాపూ అన్నాను, ఆయన బిడ్డా అన్నాడు.

చెరకు సీజన్‌లో బండ్లు రోడ్డు దాకా బారు తీరేవి. డ్యూటీ దిగగానే ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు. బారు చివరిదాకా నడిచి, ఆఖరి బండివాడికి వంతు ఎప్పుడొస్తుందో స్వయంగా చెప్పి వచ్చేవాడు. ఎవరినైనా పంపొచ్చు గదా అని ఒకసారి అడిగాను. "నిలవెట్టింది నేను గద బిడ్డా" అన్నాడు. 

ఆయన చదువంతా నిజాం కాలపు బడిలో, ఉర్దూలో సాగింది. మాట్లాడేది తెలుగు, రాసేది ఉర్దూ. తెలుగు అక్షరం రాదు. అప్పటికి మా జిల్లా తెలుగు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్లే అయింది. తెలుగు వారపత్రిక శుక్రవారం బస్టాండు దుకాణానికి వచ్చేది. అందులో మాయలూ మంత్రాలూ ఉన్న సీరియల్ ఒకటి ఆయనకు ప్రాణం. పత్రిక కొని తెచ్చి, నాకిచ్చే ముందు ఉర్దూ పుస్తకంలాగా వెనక అట్ట నుంచి తెరిచేవాడు. "బాపూ, గది ఆఖరు" అంటే, "మా దిక్కు గిదే మొదలు. మీరే ఉల్టా సదువుతరు" అని నవ్వేవాడు. మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే నేను గట్టిగా చదివేదాన్ని.

కథ చెప్తాను, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ఒక మాంత్రికుడు రాజకుమార్తె నీడను మూటగట్టి ఎత్తుకుపోతాడు. నీడ లేని ఆ పిల్ల రోజురోజుకూ పలచబడిపోతుంటుంది. నీడను తేవడానికి బయల్దేరిన యువరాజును ఒక ముసలి పడవవాడు సముద్రం దాటించి ఒక దీవికి చేరుస్తాడు. అక్కడ యువరాజుకు ఇత్తడి పక్షి దొరుకుతుంది. దాన్నెక్కి ఎగిరిపోతూ, "ఇక్కడే ఉండు, పొద్దుగూకేలోపు వస్తా" అని పడవవాడికి మాటిస్తాడు. ఆ తర్వాత ముప్పై వారాలు గడిచినా పడవవాడి ఊసే లేదు.

నాకు ఏదైనా వరసగా రాసిపెట్టుకునే అలవాటుంది. ఏ పాత్ర ఏ వారం ఎక్కడ ఆగిందో ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. కథలో మళ్లీ వచ్చి సంగతి తేలినవాళ్ల పేరు మీద టిక్కు పెట్టేదాన్ని. బాపు మాత్రం ఒక్కటే అడిగేవాడు. "ఇయ్యాల గా పడవాయన ముచ్చటొచ్చిందా బిడ్డా?"

"రాలే బాపూ."

లోపల్నుంచి ఆయన భార్య, మా అవ్వ, అరిచేది. "ఇంట్ల నూనె అయిపోయి నాలుగు దినాలాయె, అది అడగవు. సముద్రంల ఉన్నోని ఫికర్ వట్టె నీకు!"

"నూనె నువ్వు తెచ్చుకుంటవ్. వాన్ని ఎవలు తేవాలె?" అనేవాడు.

ఆఖరి భాగం వచ్చిన వారం పత్రిక మా ఆయన తెచ్చాడు. బాపు వచ్చేలోపు నేను చదివేశాను. మాంత్రికుడు కొండ మీద కాలు జారి తనంతట తానే పడిపోయాడు. నీడ రాజకుమార్తెను చేరింది. పెళ్లి జరిగింది. సమాప్తం. నా నోటుబుక్కులో టిక్కు లేని పేరు ఒక్కటే మిగిలింది. ఏడాదిన్నర పాటు కథ రాసినాయన మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

బాపు వచ్చి కూర్చున్నాడు. పెళ్లి దాకా ఒక్క అక్షరం మార్చకుండా చదివాను. సమాప్తం దగ్గర మాత్రం ఆగలేదు. కళ్లు కాగితం మీదే ఉంచి నా సొంతంగా చదువుతూ పోయాను. పెళ్లిపీటల మీద యువరాజు లేచి నిలబడ్డాడు. నాకోసం ఒకరు ఎదురుచూస్తున్నారన్నాడు. ఇత్తడి పక్షి ఎక్కి దీవిలో దిగాడు. గడ్డం మోకాళ్ల దాకా పెరిగిన పడవవాడు తలెత్తి, "పొద్దుగూకిందా బాబూ?" అని అడిగాడు.

బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "రాసెటాయన మంచోడు బిడ్డా. మరవలే" అన్నాడు. ఆ క్షణాన నాకు గర్వంగా అనిపించింది. అది దాచి ఏం లాభం?

ఆయన ఆ సంతోషాన్ని యార్డులో అందరికీ పంచాడు. అక్కడ కొత్తగా చేరిన గుమాస్తా ఒకతను ఆ పత్రిక చదివేవాడు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వాదించుకుంటూ మా వాకిట్లోకి వచ్చారు.

"పడవ లేదు గిడవ లేదు మున్షీ సాబ్. పెండ్లయింది, ఖతం. అయినా మంత్రాల కథల గివన్ని అడుగుతరా?"

"ఇత్తడి పిట్ట ఎగిరిందంటే ఒప్పుకుంటి. నీడను మూటగట్టిండంటే ఒప్పుకుంటి. నిలవెట్టినోన్ని మరిచి పెండ్లి జేసుకున్నడంటే ఎట్ల ఒప్పుకోవాలె?" అని, బాపు నా వైపు తిరిగాడు. "బిడ్డా, గా పుస్తకం తే. పేజీ సూపియ్యి గీనికి."

పత్రిక వంటింట్లో బియ్యం డబ్బా మీదే ఉంది. నేను కదల్లేదు. "పాత కాగితాలోనికి ఏసేసిన బాపూ" అన్నాను. ఆయన మొహం చూసి ఊరుకోలేక, "యాడన్న దొరుకుతది తియ్యి" అని కూడా అన్నాను.

గుమాస్తా నవ్వాడు. "మీ బిడ్డకొక్కదానికే అచ్చేసిండ్రేమో!"

"నా బిడ్డ సదివిందంటే ఉన్నట్టే" అన్నాడు బాపు.

ఆ రోజు నుంచి యార్డులో ఆయన పేరు పడవ మున్షీ అయింది. బండ్లవాళ్లు దూరం నుంచే, "పడవ మున్షీ, మా ఎడ్లను గూడ ఎక్కించుకో!" అని కేకలేసేవాళ్లు. ఆయన చెయ్యి ఊపి నవ్వేవాడు. తర్వాత వచ్చిన సీరియళ్లు కూడా చదివించుకున్నాడు. కానీ ఇంకెప్పుడూ ఫలానావాడు ఏమయ్యాడని అడగలేదు. నేను చదువుతుంటే కళ్లద్దాలు పెట్టుకుని, తనకు రాని అక్షరాల వైపు వంగి చూసేవాడు. నన్ను అనుమానించి కాదు. ఈసారి ఎవరైనా అడిగితే ఏ పేజీయో గుర్తుపెట్టుకుందామని. అది నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

మా ఆయనకు నిజామాబాద్‌లో పని దొరికి మేం ఇటు వచ్చేశాం. బోధన్ బస్సులో ఎంత దూరమని? పోలేదు. రెండేళ్ల కింద బాపు కళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి కంఠేశ్వర్ వచ్చి, మా ఇంట్లో చాయ్ తాగాడు. లేచేటప్పుడు, "గా పుస్తకం యాడన్న కండ్లవడ్డదా బిడ్డా?" అన్నాడు. అప్పుడు ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకన్న మంచి సమయం ఏముంటుంది? "సూస్త బాపూ" అన్నాను. రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు.

బాపు పోయిన మూడో రోజు బోధన్ పోయాను. చుట్టాలు బయట కూర్చున్నారు. అవ్వ నన్ను లోపలి గదికి తీసుకుపోయి, మంచం కింద నుంచి తాడుతో కట్టిన పాత వారపత్రికల కట్టలు రెండు బయటికి లాగింది.

"మోర్తాడ్ల చెల్లెలింటికి పోయినా గంతే, ముప్కాల్ల పెండ్లికి పోయినా గంతే. పాత పుస్తకాలున్నయా అని అడుగుడే. ఎవలన్న సదివి పెడ్తమంటే ఇయ్యకపోతుండె. నవ్వుతరట. బిడ్డ యాడన్న దొరుకుతదన్నది, బిడ్డొస్తె సూస్తది అనుడు. నువ్వన్న సూడు తల్లీ, దేంట్ల ఉన్నదో."

నేను ఒక కట్ట విప్పాను. ఆఖరి భాగం ఉన్న సంచిక అందులోనే మూడుసార్లు ఉంది. మూడింటిలోనూ పెళ్లి, సమాప్తం.

"ఉన్నదా?" అంది అవ్వ.

"లేదవ్వా. దేంట్ల లేదు. గది నేను కల్పించి సదివిన."

అవ్వ ఆ మూడు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి పేర్చింది. "గా మాట ఆయనతోని చెప్పకపోతివి బిడ్డా" అంది. "చెప్తే ఆయనే నవ్వుతుండె గదనే."

బయట ఎవరో అవ్వను పిలిచారు. లేవలేదు. రెండో కట్టను మెల్లగా నా ముందుకు జరిపింది.

"అయినా సూడు. గీ కట్ట ఇంక ఇప్పనే లేదు."

నేను తాడు విప్పాను. మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పేజీ తిప్పుతూ కూర్చున్నాను. అవ్వ నా పక్కనే మోకాళ్లు ముడుచుకుని, కాగితం తిప్పుతున్న నా వేళ్లనే చూస్తూ ఉంది.