కంటిన్యుటీ కోసం కొన్న చుక్కల చేప

ఒక మనిషి ఎంతో శ్రద్ధగా, పద్ధతిగా పనిచేసి ఎంత కొంప ముంచగలడో మీకు చూడాలని ఉంటే, కాస్త ఇలా కూర్చోండి. రోగాన్ని కొని తెచ్చుకోవడం అంటారు చూశారూ, దాన్ని అక్షరాలా దుకాణానికి వెళ్లి, బిల్లు రాయించుకుని మరీ చేసినవాణ్ణి ఫిలింనగర్ మొత్తానికి నేనొక్కణ్ణే. రోజూ డైరీ రాసే అలవాటున్న నేను ఆ రోజు పేజీ తిరగేయాలంటే మాత్రం ముందు కళ్లజోడు తీసి పక్కన పెడతాను.

రిటైరవకముందు నేను సినిమాల్లో కంటిన్యుటీ చూసేవాణ్ణి. హీరో ఇవాళ ఎడమచేతికి గడియారం పెట్టుకుని తలుపు తెరిస్తే, నెల తర్వాత తీసే లోపలి షాట్‌లోనూ అది ఎడమచేతికే ఉండేట్టు చూడటం నా ఉద్యోగం.

ఆ సినిమా షూటింగ్ జూబ్లీహిల్స్‌లో మా నిర్మాతగారి ఇంట్లోనే. హాల్లో పెద్ద అక్వేరియం, అందులో రాణి అనే గోల్డ్‌ఫిష్. నిర్మాతగారి తల్లి సుభద్రమ్మగారు పొద్దున్నే దాన్ని పలకరించి, అది పైకొచ్చి ఆవిడ వేలి కొస నుంచి మేత అందుకున్నాకే కాఫీ ముట్టేవారు. కన్నకొడుక్కి కూడా అంత వైభోగం లేదు.

హీరోయిన్ ఆ తొట్టి ముందు నిలబడి తన ప్రేమ సంగతి చేపతో చెప్పుకునే సీను. నేను ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను. రాణి తోక మీదా రెక్కల మీదా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. భలే ముద్దుగా ఉన్నాయి. మాది శాకాహారపు కొంప; నేను చేపను దగ్గర్నుంచి చూసింది మత్స్యావతారం పటంలోనే. చుక్కల జింక ఉన్నప్పుడు చుక్కల చేప ఉండకూడదా?

రెండో షెడ్యూల్‌కి వెళ్లేసరికి ఒక్క చుక్కా లేదు. రాణి చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా మెరిసిపోతోంది. డైరెక్టర్ దగ్గరికి పరిగెత్తాను.

“సార్, చేపను మార్చేశారు!”

“ఎందుకు మాస్టారూ? దానికి డేట్లు కుదర్లేదా?”

“నవ్వకండి. ఫొటో చూడండి, చుక్కలుండాలి.”

“చేప ఒంటి మీద చుక్కలు ఎవరు చూస్తారండీ?”

“ప్రేక్షకుడు చూస్తాడు!”

సుభద్రమ్మగారిని ఒక్కమాట అడగొచ్చుగా అంటారా? ఆవిడ అప్పుడే కూతురింటికి వెళ్లారు. వినాశకాలే అని ఊరికే అన్నారా! నేరుగా బోరబండలో రంగుచేపల దుకాణానికి వెళ్లాను. కొట్టు నడిపే యాదమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“అందరు మచ్చలు లేంది ఇయ్యమంటరు. మీరేంది సార్, మచ్చలున్నదే కావాల్నంటున్నరు?”

“సినిమాకమ్మా.”

“సినిమాకా! గట్ల చెప్పాలె గదా! గీ మూలకున్నది చూడుండ్రి. దీనికున్నన్ని మచ్చలు మా దుకాణంల దేనికీ లేవు. హీరోయిన్ వస్తదా? నాకో ఫొటో ఇప్పియ్యుండ్రి జర!”

ఎవరూ కన్నెత్తి చూడని ఆ చేపను కవర్లో పెట్టుకుని, పెళ్లికూతుర్ని తెచ్చినంత సంబరంగా తెచ్చి తొట్టిలో వదిలాను. రాణి వెనకాల మొక్కల్లోకి పోయింది. కొత్తది అద్దం దగ్గర నిలబడింది. షాట్ ఓకే. కాలర్ ఎగరేశాను.

కొద్ది రోజులకి సుభద్రమ్మగారు తిరిగొచ్చారు. రాణి నిండా చుక్కలు. రాళ్లకేసి ఒళ్లు రాసుకుంటోంది. ఆవిడ వేలు చాపినా పైకి రాలేదు.

“ఏం నాయనా, ఈ రెండోది ఎక్కడిది?”

“కంటిన్యుటీ అమ్మగారూ...”

“నీ తలకాయ! అవి చుక్కలనుకున్నావా? పురుగులు! ఒక్కో చుక్కలో ఒక్కోటి చర్మం కింద దూరి తింటుంది. బలిశాక రాలి, అడుగున పడి పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలన్నీ మళ్లీ చేప మీదికే. ఉప్పువేసి, నీళ్లు గోరువెచ్చగా ఉంచి, నానా తంటాలు పడి వదిలించి వెళ్తే, నువ్వు వాటి చుట్టాల్ని పిలుచుకొచ్చావా! దానికేమైనా అయితే...”

అటు తిరిగిపోయారు. ఆవిడ ముందు కాఫీ చల్లారిపోయింది. నా కాలర్ తనంతట తనే దిగిపోయింది.

చేప కొననేల, తొట్టి కడగనేల! మర్నాటి నుంచి షూటింగుకి ముందూ తర్వాతా పంచె ఎగ్గట్టి అడుగు నీళ్లు తోడటం, ఉప్పు కలపటం నా పనైంది. ఆవిడ కుర్చీ వేసుకుని నాకు డైరెక్షన్.

“ఆ మూల చూడు, ఆ మూల! ఈ కళ్లతోనేనా సినిమాలు చూసేది?”

చివరికి ఒక ఉదయం రాణి నెమ్మదిగా పైకొచ్చి ఆవిడ వేలి నుంచి మేత లాక్కుంది. నిర్మాతగారు నన్ను తీసేద్దామంటే ఆవిడే ఆపారు: “వద్దురా, ఇప్పుడిప్పుడే తొట్టి కడగటం వచ్చింది.” రెండోదీ కోలుకుంది. దానికి ‘కంటిన్యుటీ’ అని పేరు పెట్టారు.

ప్రివ్యూ రోజు ఆవిడ నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నారు. చేప సీను వచ్చింది. కళ్లజోడు సర్దుకున్నాను. తెర నిండా హీరోయిన్ మొహం. వెనకాల ఎక్కడో, మసగ్గా, నారింజ తొక్క లాంటిది ఒకటి కదిలింది. అదే నా చేప. చుక్క కాదు కదా, తోక కూడా కంటికి ఆనలేదు.

సుభద్రమ్మగారు నా చెవి దగ్గరికి వంగారు.

“చేప సంగతి సరేగానీ నాయనా, ఆ పిల్ల జూకాలు ఇందాక ఎర్రరాళ్లవి కదా, ఇంతలో ముత్యాలవి అయ్యాయేం? వాటికీ పురుగు పట్టిందా?”

కాబట్టి సకల జలచరాల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: మళ్లీ ఎవరైనా నన్ను పనికి పిలిస్తే, హీరోయిన్ రెండు చెవులూ చూసుకున్నాకే చేప వంక తలెత్తుతాను. దాని ఒంటి మీద చుక్క కనబడిందా, ఫొటో తీయను. ఉప్పు తెస్తాను.