సర్వేయరు అడిగిన పొట్టేలు

కడారి బీరప్ప ఘనకార్యాలు ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ కంఠతా వచ్చు. ఆయనే అందరికీ వల్లె వేయించాడు మరి. ఊరి బడిలో అయిదో తరగతి పాసయిన మొదటి కురుమ పిల్లవాడు ఆయనే. డిండి వాగు పొంగిన ఏడు మందనంతా దాటించి, ఒక్క గొర్రెపిల్లను కూడా నీటిపాలు కానివ్వనివాడు ఆయనే. గొర్ల కాపరుల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడు. తెలంగాణ వచ్చాక వీటన్నిటినీ మించినది ఇంకొకటి చేరింది: సర్కారు మనిషిని కోర్టు బోనెక్కించాడు. అయితే ఇది మాత్రం ఆయన చెప్పుకున్నంత సాఫీగా జరగలేదు.

పక్క చేను విజేందర్ రాత్రికి రాత్రి రాతి కడీలు పాతి, బీరప్ప గొర్ల దొడ్డి తన జాగాలోనే ఉందన్నాడు. తాతల నాటి దొడ్డి. హద్దు కొలిస్తే తప్ప అది నిలవదు. బీరప్ప కొలతకు దరఖాస్తు పెట్టుకొని సర్వేయరు దామోదర్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు.

చివరికి ఒకనాడు సర్వేయరు మనసు విప్పాడు. "పెద్దమనిషీ, పైసలు నేను ముట్టను. మా నాయినకు ఒట్టేసిన. కొత్తింట్ల దావత్ పెట్టుకున్న. నీ దొడ్డిల కొమ్ముల పొట్టేలు ఉన్నది గద, గదొక్కటి తోలుకరా. తెల్లారి కొలత గొలుసు పట్టుకొని నేనే వస్త."

"తేకుంటే?"

"తేకుంటే ఏమున్నది? గొలుసు ఎటు గుంజితే హద్దు అటు పోతది."

పొట్టేలు పోతుందని కాదు, సంఘం అధ్యక్షుణ్ణి పట్టుకొని బెదిరించాడని బీరప్పకు కడుపు మండింది. బస్సెక్కి నేరుగా నల్లగొండలో అవినీతి నిరోధకశాఖ ఆఫీసుకు పోయి, తన ఘనకార్యాలన్నీ వరుసగా వినిపించి, ఆఖరున ఫిర్యాదు చెప్పాడు.

డీఎస్పీ స్వర్ణ మేడం ఓపికగా విన్నది. చిక్కల్లా ఒక్కటే. లంచం నోట్లకైతే తెల్లటి పౌడరు పూస్తారు. వాటిని ముట్టినవాడి చేతులు సోడానీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పొట్టేలుకు ఎక్కడ పూయాలి? వీపుకు పూస్తే ఒళ్లు దులుపుకుంటుంది, కొమ్ములకు పూస్తే గోడకు రాసుకుంటుంది.

"మెడకున్న తాడుకు పూద్దాం మేడం," అన్నాడు కానిస్టేబుల్ మల్లేశ్. "తాడు పట్టకుంట పొట్టేలును ఎవ్వడు గుంజుకపోతడు?"

అందరూ భేష్ అన్నారు. "పెద్దయ్యా, తాడు ఆయన చేతిల పెట్టు. పెట్టినంక తలరుమాలు తీసి దులుపు. అదే మాకు సైగ," అని మేడం ఒకటికి పదిసార్లు చెప్పింది. సాక్షిగా వ్యవసాయశాఖ గుమస్తా లింగస్వామిని బీరప్ప అల్లుడి వేషంలో వెంట పంపింది.

సర్వేయరు ఇంటి వాకిట్లో అంతా సక్రమంగానే మొదలయింది. లుంగీ మీదున్న దామోదర్ పొట్టేలును చూసి మురిసిపోయాడు. "శభాష్! ఇగ నీ దొడ్డికి ఫికర్ లేదు పో."

బీరప్ప వంగి, పొట్టేలు మెడకున్న తాడు ముడి విప్పాడు. చుట్టలు చుట్టి భుజాన వేసుకున్నాడు.

లింగస్వామికి పై ప్రాణం పైనే పోయింది. "మామా! తాడు ఇయ్యవా?" అని చెవిలో గొణిగాడు.

"తాడు ఇస్తరా అల్లుడా? జీవాన్ని ఇచ్చినా తాడు ఇయ్యద్దు. తాడెంబడి మంద లచ్చిమి పోతది," అని బీరప్ప నచ్చజెప్పాడు. ఆయన దొడ్డి నుంచి ఎన్ని జీవాలు పోయినా, తాడు మాత్రం ఒక్కటీ గడప దాటలేదు. ఇది చెప్పి, మరిచిపోకుండా రుమాలు తీసి దులిపాడు.

మెడ ఖాళీ అయిన పొట్టేలు తెరిచిన గేటు చూసింది. ఒక్కటే దూకు! సర్వేయరు లుంగీ ఎగ్గట్టి వీధిలోకి ఉరికాడు.

"పట్టుండ్రి! నా పొట్టేలు! కొలతకని బీరప్ప నాకిచ్చిన పొట్టేలు పోతాంది!"

అప్పుడే జీపు దిగుతున్న మేడం వాళ్లకు ముందు ఎవరిని పట్టాలో పాలుపోలేదు. సర్వేయరు మఫ్టీలో ఉన్న మల్లేశ్ చెయ్యి పట్టుకొని, "అన్నా, జర నువ్వు అటు అడ్డం పో! నీకో తొడ ఇస్త!" అని బతిమాలాడు. మల్లేశ్ పొట్టేలును వదిలి ఆయననే పట్టుకున్నాడు.

సోడానీళ్లలో సర్వేయరు చేతులు ముంచారు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. బీరప్ప చేతులు ముంచితే గిన్నెడు గులాబీ రంగు.

"సూసిండ్రా మేడం? నా చేతులు శుద్ధం," అన్నాడు దామోదర్ ఆయాసపడుతూ.

మేడం బీరప్ప వైపు చూసిన చూపుకు పచ్చి కట్టె అంటుకునేది.

కేసు సాగినంత కాలం గుర్వమ్మ తన మొగుడు బీరప్పను సాధించింది. "తాడు ఉంచుకొని దొడ్డి పోగొట్టుకునెటోన్ని నిన్నే సూసిన. కోర్టుల తాడు జారిపడ్డదని చెప్పు. నీ నోరేం పోదు."

బీరప్ప బోనులో నిలబడ్డాక సర్వేయరు వకీలు సరిగ్గా అక్కడే పట్టాడు. "రంగు తేలింది నీ చేతులకు. మా సర్వేయరు చేతులకు కాదు. తాడు ఎట్లా విడిపోయింది?"

బీరప్ప ఒకసారి గుర్వమ్మ దిక్కు చూశాడు. దొడ్డి కళ్ల ముందు మెదిలింది. అయినా సంఘం అధ్యక్షుడు అబద్ధమాడితే రేపు ఊళ్లో ఏం చెప్పుకుంటాడు?

"ఇడిపోలే అయ్యా, నేనే ఇప్పిన. ఆయన పొట్టేలును అడిగిండు, పొట్టేలును ఇచ్చిన. తాడు అడగలే."

కోర్టంతా గొల్లున నవ్వింది. గుర్వమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత లింగస్వామి వచ్చి వీధిలో విన్న కేకను అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. మల్లేశ్ తనకు రావలసిన తొడ సంగతి చెప్పాడు.

జడ్జిగారు సర్వేయరును అడిగారు: "నీది కాకపోతే నా పొట్టేలు అని ఎందుకు అరిచావు?"

"తొందరల నోరు జారింది సార్."

"బీరప్ప ఇచ్చాడనీ, కొలత కోసమనీ కూడా తొందరలోనే జారిందా?"

వకీలు తన కాగితాలు సర్దుకున్నాడు. దామోదర్‌కు జైలు పడింది.

కొత్త సర్వేయరు నిహారిక వచ్చి, ఎర్రటి ఎండలో నిలబడి హద్దు కొలిచింది. దొడ్డి మొత్తం బీరప్పదేనని తేలింది. హద్దురాయి దిగింది. విజేందర్ గొణుక్కుంటూ తన కడీలు తానే పీక్కున్నాడు. గుర్వమ్మ సంబరంగా రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది.

"వద్దమ్మా," అని నిహారిక రెండడుగులు వెనక్కి వేసి, తన సీసాలోని నీళ్లు తాగి బండెక్కింది.

బీరప్ప మొహం చిన్నబోయింది. "ఇంటికొచ్చిన ఆడిబిడ్డ చాయ్ సుత తాగకుంట పాయె!"

"తాగుతదా మరి? గ్లాసుకు ఏం పూసినవో అని భయపడ్డది," అన్నది గుర్వమ్మ. "ఇగ మన ఇంట్ల ఏ ఆఫీసరూ నీళ్లు ముట్టడు. గిది సుత నీ గొప్పలల్ల కలుపుకో."

బీరప్పకు అది కలుపుకోదగిందే అనిపించింది. హద్దురాయి మీద దర్జాగా కూర్చొని రెండు గ్లాసుల చాయ్ తానే తాగాడు.