సందు లేని చెక్కలు

పోయిన వేసవిలో మీ తాత చేసిచ్చిన చెక్కల ఆటలో మొదట ఒక్క చెక్కా ఎందుకు బయటికి రాలేదని మొన్న ఫోన్లో అడిగారు. వంట హడావిడిలో చెప్పలేకపోయాను.

ఆట కొట్లో కొంటానన్నాడు మీ నాన్న. "వడ్రంగి ఇంట్లో చెక్కలు కొంటారంట్రా" అని మీ తాత ఒప్పుకోలేదు. ఇప్పుడు తలుపులన్నీ తయారుగా దొరుకుతున్నాయి, అప్పటికే ఆయన చేతికి పనొచ్చి ఏడాదయింది. మిగిలిన టేకు ముక్కలు ముందేసుకుని వారం రోజులు రంపం, చిత్రిక. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేసేవి. నేనే చెయ్యి పట్టుకుని లేపేదాన్ని, నా నడుమూ అంతంతమాత్రమే.

మీరొచ్చి వరసకు మూడు చొప్పున గోపురంలా పేర్చారు. మధ్యలోంచి ఒక చెక్క మెల్లగా లాగి, పడకుండా పైన పెట్టాలి, అంతే కదా ఆట. ఏది తోసినా కదల్లేదు. గట్టిగా తోస్తే మొత్తం కూలింది. నాలుగుసార్లూ అంతే.

"తాతా, నువ్వు గోడ కట్టావు" అంది చిన్నది. మీరు నవ్వుకుని మళ్ళీ సెల్‌ఫోన్లు పట్టుకున్నారు. ఆయన వెళ్ళి వసారాలో కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే నడికుడిలో మీ రైలు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నేనే వెళ్ళి అడిగాను.

"ఏందయ్యా, లోపం యాడుంది?"

"లోపం లేకపోవటమే. అన్నీ ఒక్క మందం. బరువు అన్నిటి మీదా పడతాంది. కొన్ని పలచనైతేనే ఊడొచ్చేది."

"అయితే కొన్ని గీకు."

"నలభయ్యేళ్ళు నా పనిలో సందు పెట్టలా. ఇప్పుడు పెట్టమంటావా?"

"పిల్లలు రేపు పోతారు. ఇది అటక మీద పడుంటది."

ఆయన లేచి పనిముట్ల పెట్టె వెతికాడు. తర్వాత గరుకు కాగితం నా ఒళ్ళో పడేశాడు.

"నువ్వు రుద్దు. నీకు పని రాదుగా, తేడా దానంతటదే వచ్చిద్ది."

అసలే రెంటచింతల ఎండ, కరెంటు కూడా లేదు. మీరంతా నిద్రపోయారు. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డాను, నాకూ ఒళ్ళు వాల్చాలనే ఉంది. గోడకానుకుని పదిహేను చెక్కలు రుద్దేసరికి మణికట్టు లాగేసింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు గానీ, నా చేతి చప్పుడు ఆగినప్పుడల్లా "అయిందా" అని అడిగేవాడు.

సాయంత్రం మిమ్మల్ని బతిమాలి మళ్ళీ పేర్పించాను. ఈసారి పెద్దోడి వేలికి ఒక చెక్క మెత్తగా జారింది. ఆ తర్వాత మిమ్మల్ని అక్కణ్ణుంచి లేపటం నా వల్ల కాలేదు. "తాతా, నీ వంతు" అని ఆయన్ను కూడా లాక్కొచ్చారు. ఆయన వేలి కొసతో ఒక్కోటీ తడిమి చూసి, ఒకటి బయటికి తీశాడు. ఒక పక్కే అరిగిపోయి వంకర తిరిగిన చెక్క. కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇంత దరిద్రపు పని మా ఇంట్లో ఎవురు చేశారే?"

నేను మణికట్టు నొక్కుకున్నాను. దాన్ని రెండు వేళ్ళతో పైన పెట్టి, వసారాలోకి పోకుండా మీ మధ్యనే కూర్చున్నాడు.