పెరట్లో అమావాస్య

మా అత్తగారు సీలున్న వస్తువులు మాత్రమే తింటున్నారని నేను గమనించేసరికి వారం గడిచిపోయింది. అరటిపళ్ళు, తనే విప్పుకున్న బ్రెడ్డు, ఎవరూ మూత తీయని పెరుగు డబ్బా. నేను చేసిన పప్పు వైపు కన్నెత్తి చూడలేదు. ఉపవాసమా అని అడిగితే అవునన్నారు. ఏ దేవుడికి అని అడిగితే టీవీ వైపు తిరిగారు. తర్వాత చిన్న గిన్నె తీసి తన వంట తనే మొదలుపెట్టారు. అందులోంచే కొడుక్కీ వడ్డించారు.

"ఏంటిది?" అని మా ఆయన్ని గదిలోకి పిలిచి అడిగాను.

"నువ్వేదో మందు పెడుతున్నావని అమ్మకి డౌటు. పాతకాలం మనిషి, లైట్ తీస్కో. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ వండిందే తింటాలే, గొడవుండదు," అని నవ్వేశాడు.

మందు! భూగోళానికి ఈ దక్షిణపు కొసన, ఫ్లాట్ బుష్‌లో, ఇంకా పెయింటు వాసన పోని ఇంట్లో, నేను మొగుడికి మందు పెడుతున్నానట. ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా చేతి అన్నం నా ఇంట్లోనే ఎవరికీ అక్కర్లేకుండా పోయిందని ఏడుపు కూడా వచ్చింది.

దీనికంతటికీ మూలం పెరట్లో నేను నెలకోసారి చేసుకునే తంతు. దాన్ని పూజ అనొచ్చో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను పనిచేసే బోటనీ డౌన్స్ వృద్ధుల రెస్ట్ హోమ్‌లో నాతోపాటు ఒక కివీ ఆవిడ పనిచేస్తుంది, ఇక్కడే పుట్టిపెరిగిన మనిషి. తను డ్రూయిడ్‌నని ఓ రోజు టీ తాగుతూ మామూలుగా చెప్పింది. ఎప్పుడో బ్రిటన్ వైపు చెట్లనీ రుతువులనీ కొలిచిన పూజారుల పేరు అది. ఆ దారి అనుకుంటూ ఇప్పటివాళ్ళు కొత్తగా కట్టుకున్న పద్ధతి ఇది. నేను వెంటనే జాగ్రత్తపడ్డాను. ఇలా తియ్యగా మొదలుపెట్టి మీటింగులకి లాక్కెళ్ళేవాళ్ళని ఎంతమందిని చూడలేదు!

"మీ గురువెవరు?" అని అడిగాను.

"ఎవరూ లేరు. నెలకోసారి నీ పెరట్లో నిలబడి ఏం మారిందో చూడు. మిగతాది నువ్వే కల్పించుకో," అంది.

గురువు లేడనేసరికి అనుమానం రెట్టింపయింది. ఆవిడ బ్యాగులోంచి కరపత్రం ఎప్పుడు బయటికొస్తుందా అని చాన్నాళ్ళు కాచుకున్నాను. రాలేదు.

నన్ను పట్టేసింది వేరే సంగతి. వాళ్ళ పుస్తకాల్లో మే నెలంటే పూల పండగట. ఇక్కడేమో మేలో చలికి స్వెట్టర్లు బయటికి తీస్తాం. అందుకని ఆవిడ పండగలన్నీ ఆర్నెల్లు అటు తిప్పేసుకుంది. నేను మాత్రం బయట ఆకులు రాలుతుంటే, ఎండు వేపపువ్వు ప్యాకెట్టు కొనుక్కొచ్చి, వసంతం వచ్చేసిందని అందరికీ ఉగాది పచ్చడి పంచుతున్నాను. ఆవిడ మీదున్న అనుమానం కాస్తా నా మీదకి తిరిగింది.

సరే, నెలకోసారి అంటే ఏ రోజు? పున్నమి బాగుంటుందని ఆవిడ అంది. కానీ మా ఇళ్ళు కంచెకి కంచె ఆనుకుని ఉంటాయి. వెనకింటి ఆంటీ వంటగది కిటికీ సరిగ్గా మా పెరట్లోకే చూస్తుంది. ఆవిడ కంట్లో పడితే తెల్లారేసరికి అటు టకానినిలో ఉన్న మనవాళ్ళ దాకా తెలిసిపోతుంది. అందుకని చంద్రుడు లేని సాయంత్రం ఎంచుకున్నాను. మనవాళ్ళ లెక్కలో అదేం రోజో ఆలోచించనేలేదు.

మనూకా అని ఇక్కడి పొద ఒకటుంది, ఆ మొక్క దగ్గర మూడు రాళ్ళు పెట్టి, జామ్ సీసాలో కొవ్వొత్తి వెలిగించేదాన్ని. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు, చలిగాలి దక్షిణం నుంచి కొడుతుంది. కాబట్టి దీపం ఉత్తరాన పెట్టి, దక్షిణం తిరిగి నేలకి నీళ్ళు వదిలేదాన్ని. చేతులు ఊరికే ఉండలేక నాలుగు గింజలు పసుపు బియ్యం కూడా చల్లాను. అది పూర్తిగా నా కల్పన. తర్వాత ఆ నెల పెరట్లో చూసినవి పైకి చెప్పుకునేదాన్ని. మొదటిసారి నా గొంతుకి నాకే నవ్వొచ్చింది. పోనుపోను ఆ సాయంత్రం కోసం ఎదురుచూడటం అలవాటైంది. "చెట్టుతో మీటింగ్ అయిందా?" అని మా ఆయన ఆటపట్టించేవాడు.

అత్తగారు ఇండియా నుంచి వచ్చాక ఒక సాయంత్రం ఇదంతా పైగది కిటికీలోంచి చూశారట. అమావాస్య, పసుపు బియ్యం, దక్షిణం తిరిగి నీళ్ళు. మన ఇళ్ళలో అలా నీళ్ళు వదిలేది పోయినవాళ్ళకే.

మరుసటి అమావాస్య ఆదివారం వచ్చింది. ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. చీకటి పడగానే వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"రండత్తయ్యా. దూరం నుంచెందుకు, దగ్గరుండి చూడండి."

శాలువా కప్పుకుని, గుప్పిట్లో నిమ్మకాయ పట్టుకుని వచ్చారు. మా ఆయన అద్దాల తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. నేను దీపం పెట్టి, దక్షిణం తిరిగి గ్లాసులోంచి నేలకి నీళ్ళు వదిలాను.

"నా కొడుకు నిక్షేపంలా ఉంటే నీళ్ళెవరికొదులుతున్నావే?"

"నేలకి అత్తయ్యా."

ఆవిడ వినాలని గట్టిగానే చెప్పాను. ఈ నెల గాలికి మనూకా కొమ్మ విరిగింది. పక్షులు పొద్దెక్కాక గానీ కూయడం లేదు. కంచె నీడ గుమ్మం దాకా వచ్చింది.

"అంతేనా? మంత్రాల్లేవూ?"

"లేవు."

"నా గురించేం కోరావ్?"

"ఏమీ కోరలేదు."

"ఏమీనా?" ఆవిడ గొంతు మారిపోయింది. "కొమ్మ విరిగితే చెప్పావ్, పిట్టల సంగతి చెప్పావ్. ఇన్నాళ్ళబట్టీ ఇంట్లో తిరుగుతున్న మనిషిని, నేను కనబళ్ళేదటే నీకు?"

పాపం అనిపించింది. గ్లాసులో మిగిలిన నీళ్ళు చూపించి, మిగతావి తాగెయ్యడమే అన్నాను.

"ముందు నువ్వు తాగు."

తాగాను. గుటక దిగేదాకా నా గొంతు వైపే చూశారు. తర్వాత గ్లాసు లాక్కుని తనూ తాగారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. అడుగున కాసిని నీళ్ళుంచి, గ్లాసు కొడుకు వైపు చాపారు.

"ఏం లేదురా, ఉత్త నీళ్ళే. నువ్వూ ఓ గుక్క తాగు."

ఆయన నవ్వడం ఆపాడు. గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"వద్దులే అమ్మా, ఇప్పుడే కాఫీ తాగాను," అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ కాఫీ పెట్టలేదు.