నేను తట్టని తలుపులు

ఇవాళ ఉదయం మా వీధిలో దోమల మందు పొగ వదిలారు. ఆ ఘాటు గొంతుకు తగలగానే బొగ్గుగనుల ఊరు నస్పూర్ గుర్తుకొచ్చింది, అక్కడ నాకు పని నేర్పిన సుగుణక్క గుర్తుకొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన ఏడు వానాకాలంలో అక్కడ డెంగీ ప్రబలింది. నేను కొత్తగా చేరిన ఆరోగ్య కార్యకర్తను. ఆమె ముప్పై ఏళ్లుగా బొగ్గుగని కార్మికుల ఇళ్ల మధ్య తిరుగుతున్న నర్సు. జ్వరం వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని ఊరుకునేది కాదు. నీళ్లు దేంట్లో నింపుతారు, ఎన్నాళ్లకోసారి పారబోస్తారు, ఎవరు ఎప్పుడు పడుకుంటారు, అన్నీ అడిగేది. ఒకరోజు జాబితా ముందేసుకుని చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

"తమ్మీ, జూసినవా? గీ జరమొచ్చినోళ్లల్ల శానమంది నైట్ షిఫ్టోళ్లే. గా దోమ పగటిపూట కుడుతది. రాత్రంత బొగ్గుబాయిల పనిజేసి వీళ్లు పగలు పండుకుంటున్నరు."

మరునాటి నుంచి మా ఇంటింటి సర్వే ఫారం అడుగున ఆమె చేతిరాతతో ఒక ప్రశ్న చేరింది: పగలు నిద్రపోయేవాళ్లు ఉన్నారా?

నా వంతుకు వచ్చిన ఇళ్ల వరుసలో చివరికి పదకొండు మిగిలాయి. ఉక్కపోత, ఆకలి. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, పాత జాబితా చూసి పేర్లు రాసి, ప్రతి ప్రశ్నకూ "లేదు" అని నింపేశాను. "అన్ని ఇండ్లు అయినయా?" అని అక్క అడిగితే "అయినయక్కా" అన్నాను. నమ్మింది.

ఆ పదకొండింటిలో ఒకటి గని కార్మికుడు ఓదెలు ఇల్లు. నాలుగు రోజులకు అతని చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడోనాడు చనిపోయాడు. మేము వెళ్లేసరికి అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మీరు మా గల్లీల తిరిగిన నాడే జరం మొదలైందమ్మా. షిఫ్టు దిగొచ్చి పగలంత గీ మంచంల్నే పండెటోడు. పనికి అలిసిండనుకున్న. అందరిండ్లకు పోయిన్రంట, మా ఇంటికి ఎవ్వలు రాలే."

అక్క చేతిలో నేను నింపిన ఫారం ఉంది. దాన్ని చూసింది. నన్ను చూసింది. ఓదెలు భార్య పక్కన కూలబడి ఆమె చేతులు పట్టుకుంది.

"తప్పు నాది చెల్లె. నేను రావాల్సి ఉండె, రాలే."

ఒక్క మాట అంటే చాలు, రానిది నేనని. అనలేదు. పెరట్లో మూతలేని డ్రమ్ములో కదులుతున్న దోమ పిల్లలను చూస్తూ నిలబడ్డాను.

దారిలో అక్క తిట్టలేదు. "రేపు నీ వరుసంత మళ్ల తిరుగుదాం. తలుపు నువ్వే కొట్టాలె," అంది, అంతే. మర్నాడు ఆ ఇళ్లలోనే ఇంకో ఇద్దరు జ్వరంతో కనిపించారు. వాళ్లు బతికారు. పైఅధికారులు సంజాయిషీ అడిగితే, పర్యవేక్షణ లోపం తనదేనని అక్క రాసిచ్చింది. ఆ కాగితం కార్యాలయానికి తీసుకెళ్లింది నేనే.

అక్క పోయి రెండేళ్లయింది. బతికుండగా ఆమెకు క్షమాపణ చెప్పుకోలేదు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేనే శిక్షణ ఇస్తున్నాను. ఓదెలు సంగతి ప్రతిసారీ చెబుతాను, కానీ "ఒక కార్యకర్త" అనే అంటాను. మొన్న చెన్నూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి లేచి అడిగింది.

"గా కార్యకర్త ఇప్పుడేం జేస్తుండు సార్?"

"నౌకరి చేస్తుండు," అని, తలెత్తకుండా హాజరు పట్టీ తిరగేశాను.