కూల్‌డ్రింక్ సీసాలో కిరసనాయిలు

కళ హోప్ టౌన్ అనే జాలరిపల్లెలో ఆశా కార్యకర్త. సిక్కోలు తీరం నుంచి సముద్రం దాటి కోడలిగా వచ్చి ఈ దీవిలో స్థిరపడింది. కొన్నేళ్లుగా ఇంటింటికీ తిరిగి ఆమె చెప్పే మాట ఒక్కటే. కిరసనాయిలు, ఫినాయిలు కూల్‌డ్రింక్ సీసాల్లో పోయొద్దు, పిల్లలకు అందేచోట పెట్టొద్దు. అందరూ తలూపుతారు. తలూపడం వరకే.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం ముందు కూర్చుందో లేదో, పక్కింటి పెద్దావిడ అమ్మడు గావుకేక పెట్టింది. కళ పరుగెత్తింది. అమ్మడు కొడుకు డింగీ పడవ ఇంజన్ కడగడానికి తెచ్చిన కిరసనాయిలు సీసా అరుగు మీద దొర్లుతోంది. దాహమేసిన మనవరాలు శ్రావణి మంచినీళ్లనుకుని తాగేసింది. ఇంకా మాటలు సరిగా రాని పిల్ల. అమ్మడు దాని నోట్లో వేళ్లు పెట్టబోతోంది.

కళ ఆ చెయ్యి పట్టుకుని లాగేసింది. "వద్దత్తా, కక్కించకు! అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ప్రమాదం."

"మరేటి సెయ్యమంటావే?"

"అస్పతాల్‌కి పోదాం. మా ఆయన్ని లేపుతాను."

రాత్రంతా చేపల వేటలో ఉండి వచ్చి పడుకున్న జోగులు కళ్లు నులుముకుంటూనే డింగీ తీశాడు. హార్బర్ దాటి అవతలి ఒడ్డు చేరేంతసేపూ పిల్ల దగ్గుతూనే ఉంది. ఊపిరి తీసిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతున్నాయి. ఒళ్లంతా కిరసనాయిలు కంపు.

"ఎన్నిసార్లు సెప్పినావు కళా! నానే ఇన్లేదు," అని అమ్మడు గుండెలు బాదుకుంది. కళ పిల్లను నిటారుగా ఎత్తి పట్టుకుంది.

ఆసుపత్రిలో పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. కుర్ర డాక్టరు కళను గుర్తుపట్టాడు.

"దీదీ, మీ వైపు నుంచే ఫిర్ ఏక్ కేస్, మళ్లీ ఇంకొకటా? వాళ్లకు చెప్పరా?"

"చెప్తానే ఉన్నాను సార్," అంది.

శ్రావణి బతికింది. కానీ నిమ్ము చేసి చాలా రోజులు వార్డులోనే ఉండాల్సి వచ్చింది. ఈలోగా కళ కిరాణాకొట్టు నూకయ్య దగ్గరికి వెళ్లింది.

"కిరసనాయిలు కూల్‌డ్రింక్ సీసాల్లో పొయ్యకు బావా."

"సీసా తెచ్చినోడికి సీసాలో కాక దోసిట్లో పొయ్యనా? నాను పొయ్యకపోతే ఇంకో కొట్టుకి పోతాడు."

అదీ నిజమే. కళ జెట్టీ దగ్గర ఖాళీ ఇంజన్ ఆయిలు డబ్బాలు ఏరి, కడిగి, కిరసనాయిలు పోసుకోమని ఇంటింటికీ పంచింది. వారం తిరక్కుండానే అదే వీధిలోని యర్రమ్మ ఆ డబ్బాలో వేటకెళ్లే మొగుడికి మంచినీళ్లు నింపుతూ కనిపించింది.

"మూత గట్టిగుంది దీదీ, సుక్క కారదు," అంది సంబరంగా.

కళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్లకూ కిరసనాయిలుకూ ఒకే రకం డబ్బా అయితే మళ్లీ పాత కథే.

అప్పుడే అమ్మడు మనవరాలిని చంకనేసుకుని అటుగా వచ్చింది. పిల్ల చిక్కి సగమైంది, ఇంకా పిల్లికూతలు పోలేదు. అమ్మడు యర్రమ్మ చెయ్యి తీసుకుని ఆ పిల్ల వీపు మీద పెట్టింది.

"సూడే, ఎలా గురగురమంటందో. ఓ సీసా అరుగు మీద వదిలేసినందుకే ఇదంతాను."

యర్రమ్మ చెయ్యి తీయలేదు. నెమ్మదిగా ఇరుగుపొరుగు ఆడవాళ్లూ చేరారు. అమ్మడు మొదటినుంచీ చెప్పుకొచ్చింది, తన తప్పు దాచకుండా. కళ అక్కడే మెట్టు మీద కూలబడి, కాళ్లు చాపుకుంది. ఆ పూటకి ఆమె నోరు విప్పాల్సిన పని లేకపోయింది.